మళ్ళీ ముల్కీ

కొత్త తెల్లచీర ఒంటికి అంటుకోవడం లేదు. కూర్చున్నచోట పలకలాగా బిర్రుగా నిలబడుతోంది, అరచేత్తో అణిచిపెడితే మళ్ళీ లేస్తోంది. సురంగల్‌లో పొద్దున ఆకుపచ్చ చీరలోనే బయలుదేరింది కరుణమ్మ. ఇంట్లో తెల్లచీర కట్టుకుంటే ఎస్తేరు చూస్తుంది, చూస్తే అడుగుతుంది, అడిగితే మీ నాన్న చనిపోయాడమ్మా అని చెప్పాలి. అందుకని చేవెళ్ల వచ్చాక, బాలప్ప మామ ఎరిగిన వాళ్ల ఇంటి వెనక గదిలో, జొన్న గుమ్మికి ఎదురుగా నిలబడి మార్చుకుంది. మెడలోని సిలువ పుస్తె కూడా అక్కడే తీసి, పాత చీర మడతలో పెట్టి, ఆ మూట ఆ ఇంటావిడ చేతికిచ్చింది. ఆ ఇంటావిడ ఏమీ అడగలేదు. అడగకపోవడమే బరువుగా ఉంది. సాయంత్రం మళ్ళీ ఆకుపచ్చ చీరలోకి మారి ఇంటికి పోవాలి. పొద్దున మొగుడున్న మనిషి, మధ్యాహ్నం లేని మనిషి, సాయంత్రం ఏ మనిషి? అది ఈ గోడకు అవతల తేలుతోంది. కచేరి వరండాలో నాపరాయి మీద ఆమె కూర్చుంది. వెనక ఇనుప చువ్వల కిటికీ. కిటికీ లోపల తహసీల్దారు ముందు నిలబడి పేతురు సాక్ష్యం చెబుతున్నాడు, ఆమె భర్త గిద్యోను చనిపోతుండగా చూశానని. చూడలేదు పేతురు. చూడలేదని ఆమెకు తెలుసు, బాలప్ప మామకు తెలుసు, పేతురుకు అందరికంటే ఎక్కువ తెలుసు.

"జర తల కిందికి పెట్టుకో బిడ్డా," అన్నాడు బాలప్ప, పక్కన గొంతుక్కూర్చుని, చుట్ట వెలిగించాలా వద్దా అని చూస్తూ. "గట్ల సూటిగ చూడకు. మొగడు పోయినోళ్లు గట్ల చూడరు."

"ఎట్ల చూస్తరు మామా?"

"నాకేం ఎరుక. మీ అత్త నాకన్న ముందుగాల పోయె."

నవ్వు వచ్చింది. తెల్లచీరలో నవ్వు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దూరం నుంచి చూసే బంట్రోతుకు అది ఏడుపులా కనిపించి ఉంటుంది, అతను మర్యాదగా మొహం తిప్పుకున్నాడు. అట్లా మొదటి అబద్ధం ఆమె ప్రయత్నం లేకుండానే చెల్లిపోయింది.

తప్పు ఎక్కడ మొదలైంది? మొదలు వెతకడం ఆమెకు అలవాటు, కాన్పు చేసే మనిషి కనుక. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయని అడగనిదే చెయ్యి వేయదు. తన నొప్పి ఎప్పుడు మొదలైంది? పేతురును బతిమాలిన రోజునా, డాక్టరు సాబు ఆ చట్టం చదివి చెప్పిన రోజునా, లేక చాలా ముందు, బెజవాడ అవతలి నుంచి మొయినాబాద్ మిషన్ బడికి ఒక పొడుగాటి పంతులు వచ్చిన రోజునా? ఆయన మాట విని బడిపిల్లలు నవ్వేవాళ్లు. ఆయన "కూర్చోండి" అంటే "కూసోండ్రి అనాలె సార్" అని దిద్దేవాళ్లు. ఆయన వాళ్లకు లెక్కలు నేర్పాడు, వాళ్లు ఆయనకు మాట నేర్పారు, కానీ ఆయన నోట ఈ నేల మాట ఎప్పుడూ అరువు చొక్కాలాగే ఉండేది, చేతులు పొడుగై. పెళ్లప్పుడు పాదిరిగారు చాలా అడిగారు, ఇష్టమేనా, కష్టంలో విడవనంటావా, రోగంలో విడవనంటావా. నీ దేశం పోతుంది, ఒప్పుకుంటావా అని మాత్రం అడగలేదు. ఆయనకూ తెలియదు.

తెలిసింది సర్కారు దవాఖానలో మంత్రసాని కొలువుకు మొదటిసారి పోయినప్పుడు. అక్కడి గుమాస్తా మంచివాడు, వెక్కిరించలేదు కూడా. ఎక్కడ పుట్టినవమ్మా అన్నాడు. సురంగల్ల సాబ్. మీ నాయన? ఆయనా సురంగల్లనే. మీ అమ్మ? ఆమె పుట్టిన ఊరు ఇప్పుడు హిమాయత్‌సాగర్ నీళ్ల కింద ఉన్నది సాబ్. నీళ్ల కింద ఉన్నా పర్వాలేదు, అది ముల్కే, ఈ రాజ్యమే, అన్నాడు. మరి భర్త? బెజవాడ దిక్కు, ఇంగ్లీషోళ్ల ఇలాకా. కలం ఆగింది. అయితే నువ్వు గైర్ ముల్కీ, పరాయి రాజ్యపు మనిషివి, నీకు సర్కారు కొలువు రాదు. ఆమె నవ్వింది, పరాచికం అనుకుని. ఇక్కడనే పుట్టిన గద సాబ్, ఎన్నడు ఊరు దాటలే. పుట్టినవు, అన్నాడు గుమాస్తా, కానీ పరాయోన్ని పెండ్లి చేసుకున్నవు గద. ఆడది మొగని రాజ్యపు మనిషి అయితది. పరాయి ఆడది మన మొగోన్ని చేసుకుంటే మనదైతది, మన ఆడది పరాయోన్ని చేసుకుంటే పరాయిదైతది. చట్టం. ఇంటికి వచ్చి తల్లి బీరమ్మకు చెబితే, ఆమె కల్లం ఊడుస్తూ నడుము ఎత్తి, "అయితే నా కడుపుల ఉన్నప్పుడు నువ్వు ఏ దేశమే?" అంది. ఆ మాటకు గిద్యోను కూడా పడీపడీ నవ్వాడు. "రాజుగారు నాకు ఇచ్చింది లేదు కరుణా, నీ దగ్గర ఉన్నది కూడా నేనే ఊడబెరికాను," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, తరువాత నవ్వు ఆపి ఆమె మొహం చూశాడు, ఆమె నవ్వుతోందో లేదోనని. ఆ చూపు గుర్తుంది. ఆ క్షణాన ఆమె నవ్వడం లేదు.

లోపల పేతురు దగ్గాడు. "అడవి రస్తా సాబ్. రంగూన్ మీద బాంబులు పడ్డంక అందరం నడుసుడే. గుట్టలు, వెదురు పొదలు. నీళ్లు దొరకవు." పేతురు ఒక మాట చెప్పగానే బల్ల పక్కన కాగితాలు రాసే పేష్కారు దాన్ని ఉర్దూలో తహసీల్దారుకు చెబుతున్నాడు. పేతురు గొంతులో తడబడిన మాట పేష్కారు గొంతులోకి వెళ్లేసరికి నిటారుగా నిలబడుతోంది, తలపాగా చుట్టుకుంటోంది. ఇంతవరకు పేతురు చెప్పిందంతా నిజమే. నిజం ఇంకా ఎంతదూరం వస్తుందో ఆమెకు తెలుసు; వెదురు పొద దగ్గరి దాకా వస్తుంది, అక్కడ ఆగిపోతుంది.

ఆయన్ను రంగూన్‌కు పంపింది ఎవరు? మిషన్‌కు దొరల సీమ నుంచి డబ్బు రావడం తగ్గి పై తరగతులు మూసేశారు, పంతులు పని పోయింది, సర్కారు బడిలో చేరడానికి వీల్లేదు. పదిహేనేళ్లు కదలకుండా ఉండి, ఇంక సొంతూరికి పోనని ప్రమాణం చేస్తే ముల్కీ ఇస్తారట, అన్నాడు ఆయన, నాకు సగానికి పైనే గడిచాయి, ఇంకొన్నేళ్లు ఎట్లాగో ఓర్చుకుంటే చాలు. రొట్టె చేస్తోంది ఆమె. పెనం మీద నుంచి తల ఎత్తకుండా అంది, "కొన్నేండ్లు ఏం తిని ఓర్సుకుందాం?" అంతే. కొట్లాట కాదు, ఏడుపు కాదు. రొట్టె తిరగేస్తూ అన్న మాట. ఆయన రొట్టె తిని, చెయ్యి కడుక్కున్నాడు. తరువాత మొయినాబాద్ నుంచి కొందరు రంగూన్ బియ్యం మిల్లులకు పోతున్నారని తెలిసి వాళ్లతో పోయాడు; పేతురు ఆ గుంపులోవాడే. పడవ ఎక్కిన రోజే ఆయన గడిపిన ఏళ్లన్నీ రద్దయ్యాయి. మళ్ళీ వస్తే మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి. ఎస్తేరు అప్పుడు పాకుతోంది. దానికి తండ్రి మొహం గుర్తు లేదు, ప్రార్థనలో మాత్రం ఉన్నాడు. రోజూ దీపం పెట్టగానే మోకరించి, కళ్లు గట్టిగా మూసుకుని, మా నాయన క్షేమంగ రావాలె తండ్రీ అంటుంది. ఆమేన్ అంటుంది కరుణమ్మ. ఆమేన్ అంటుంది బీరమ్మ.

ఆ ఆమేన్ ఎప్పుడు మారింది? ఇది సరిగ్గా తెలుసు, ఇక్కడ తడుముకోనక్కరలేదు. దవాఖానలో ఉన్న నర్సమ్మ యుద్ధం దవాఖానకు వెళ్లిపోతే ఇంకొకరు దొరకక, గైర్ ముల్కీ అయినా పర్వాలేదని కరుణమ్మను తాత్కాలికంగా పెట్టుకున్నారు. ఏడాది దాటింది. ఈ నెల డాక్టరు సాబు పిలిచి, పై నుంచి హుకుం వచ్చిందమ్మా, ముల్కీ సర్టిఫికెట్ తెస్తే పక్కా కొలువు, తేకపోతే తీసెయ్యాలి అన్నారు. ఆయనే పుస్తకం తిరగేసి, ఆమెకు మేలు చేయాలని వెతికి, వేలు పెట్టి చదివారు. ఇక్కడ పుట్టి పరాయివాణ్ణి చేసుకున్న ఆడది, భర్త చనిపోయినా, విడాకులైనా, ఇక్కడే ఉండిపోతే మళ్ళీ ముల్కీ. ఆమె అప్పుడు వేడినీళ్లలో నుంచి కత్తెరలు తీస్తోంది. చేతికి ఆవిరి తగిలింది. చనిపోయినా. ఆ మాట వినగానే ఛాతీలో ఏదో వెచ్చగా, తేలికగా కదిలింది. బాధ కాదు. బాధ తరువాత వచ్చింది, ఆలస్యంగా, దారి తప్పిన చుట్టంలా, వచ్చి మర్యాద కోసం కూర్చుంది. ముందు వచ్చింది మాత్రం ఆ తేలిక. దాన్ని ఆమె చూసింది. చూడనట్టు కత్తెరలు తుడిచింది. ఆ సాయంత్రం ఎస్తేరు నాయన రావాలె అంటే ఆమేన్ అనడానికి నోరు తెరిచి, ఆ మాట మీద తన నోరే తనను పట్టుకున్నట్టు ఆగి, అంది. అంది, కానీ పాడయిపోయింది అది, విరిగిన పాలలా.

కాన్పు నొప్పుల్లో ఆడవాళ్లు ఎన్ని అంటారో ఆమెకు తెలుసు. బిడ్డ పోయినా సరే నన్ను బతికించు అని చెయ్యి పట్టుకుని అరిచినవాళ్లు ఉన్నారు, తెల్లారి అదే బిడ్డకు పాలిస్తూ కళ్లు దించుకునేవాళ్లు. నొప్పుల్ల అన్న మాట లెక్కకు రాదమ్మా, అని ఆమే ఓదార్చేది. నొప్పి లేకుండా, చల్లగా, వేడినీళ్ల గిన్నె పక్కన నిలబడి అనుకున్న మాట? దాన్ని ఎవరు ఓదారుస్తారు? విడాకులకు పాదిరిగారు ఒప్పుకోరు. చావుకు పాదిరిగారి ఒప్పుదల అక్కరలేదు. ఇట్లా లెక్క వేసుకుంది. తన మనసు ఇంత చక్కగా లెక్క వేయగలదని ఇదివరకు తెలియదు.

"తహసీల్దారు సాబు మంచోడేనట," అన్నాడు బాలప్ప, గుసగుసగా. "సాబు వాళ్ల నాయన ఎక్కడో ఉత్తరాన హిందుస్తాన్ నుంచి వచ్చిండట. పదిహేనేండ్లు నిండినయి, ముల్కీ అయిండు. మనం ఎన్నేండ్ల సంది ఉన్నమో మనకే తెల్వది, మనకు కాగితం గావాలె."

"జర మెల్లగ మామా."

"మెల్లగనే అంటున్న. ఫికర్ చెయ్యకు. పేతురు మంచిగ చెప్తున్నడు."

మంచిగానే చెబుతున్నాడు. అదే ఆశ్చర్యం. బతిమాలాలేమో, దేవుడంటే భయమున్న మనిషి, కుదరదంటాడేమో అనుకుని పోయారు మొయినాబాద్‌కు. ఒక్క మాట చెప్పాలె పేతురూ, చూసిన అని, అన్నాడు బాలప్ప. పేతురు ఒక్క క్షణం కూడా ఆగలేదు. చెప్తా మామా అన్నాడు. దాహంతో ఉన్నవాడు చెంబు అందుకున్నట్టు అందుకున్నాడు. అప్పుడు అర్థం కాలేదు. తిరిగొచ్చిన కొత్తలో, ఎముకలు లెక్కపెట్టేటట్టు ఉన్నప్పుడు, బీరమ్మ గడప ముందు కూర్చుని పేతురు చెప్పిన మాట వేరు. "అన్నకు పానం బాగలేదు అక్కా. వెదురు పొదకు ఆనుకుని కూసున్నడు. నువ్వు నడుస్తూ ఉండు పేతురూ, నేను కాసేపు కూర్చుని వస్తాను అన్నడు. గట్లనే అన్నడు, ఆయన బెజవాడ మాట తీరుగ. నేను నడిసిన. ఎనుకకు చూడలే." ఆ రోజు పేతురు ఏడ్చాడు, ఆమె ఏడవలేదు, ఎందుకంటే ఆ మాటలో ఆయన కూర్చుని ఉన్నాడు, లేచి వచ్చే మనిషిలాగే ఉన్నాడు. కాసేపు కూర్చుని వస్తాను. బడి నుంచి వచ్చి అరుగు మీద కూడా అట్లాగే అనేవాడు. ఇప్పుడు కిటికీ దగ్గర చెవి పెట్టి వింటుంటే అర్థమవుతోంది. బతికున్న మనిషిని దారిలో వదిలి వచ్చినవాడు పేతురు. చనిపోయిన మనిషినైతే వదిలి రావచ్చు, అందరూ వస్తారు. గిద్యోను చావు ఆమెకు ఎంత కావాలో పేతురుకు అంతకంటే ఎక్కువ కావాలి. ఇద్దరూ కలిసి ఆ వెదురు పొద దగ్గరికి పోయి, కూర్చున్న మనిషిని మెల్లగా పడుకోబెడుతున్నారు.

"నా ఒళ్లనే తల పెట్టిండు సాబ్," అంటున్నాడు పేతురు. గొంతు స్థిరంగా ఉంది. "పొద్దుగూకే యాల్ల. నీళ్లు అడిగిండు, తాపిన. వెదురు కర్రతోని గుంత తవ్విన. పెద్ద గుంత కాలే, నాకు తాకతు లేదు. మీద రాళ్లు పేర్చిన, నక్కలు రాకుండ. పాట పాడిన." పేష్కారు ఉర్దూలో చెప్పాడు, రాళ్లు, నక్కలు. ఆమెకు రాళ్లు కనిపించాయి. నల్లరాళ్లు కావు, ఎర్రటివి, తడిసినవి. ఇవి నేను ఎన్నడూ మరిచిపోను, అనుకుంది, లేని రాళ్లను. బాలప్ప కూడా కళ్లు తుడుచుకుంటున్నాడు. ఈ మాటలు కూర్చింది కొంత ఆయనే, అయినా తుడుచుకుంటున్నాడు. తహసీల్దారు ఏదో అడిగాడు. ఆఖరికి ఏమన్న అన్నడా అంటున్నరు, అన్నాడు పేష్కారు. ఇది ఎవరూ నేర్పని ప్రశ్న. ఆమె చెయ్యి చువ్వను పట్టుకుంది.

"కరుణా అన్నడు సాబ్," అన్నాడు పేతురు. "అంతే. ఇంకేమనలే."

ఎందుకన్నావు పేతురూ. ఎవరడిగారు నిన్ను ఆ మాట. పేష్కారు గొంతులో తన పేరు ఉర్దూ గదిలో ఒకసారి తిరిగింది. ఒళ్లు ఝల్లుమంది; సంతోషంతో. అబద్ధమని తెలిసి, ఆయన చావని తెలిసి, ఆ చావులో ఆఖరి మాట తనదైనందుకు సంతోషం. వెంటనే ఇంకొక ఊహ, అడ్డుకోలేనిది: ఆయన ఎక్కడో బతికి ఉండి, ఏ దవాఖాన అరుగు మీదో పడి, ఈ నిమిషాన నిజంగానే ఆ పేరు పిలుస్తూ ఉంటే? పిలవకు, అనుకుంది. కొద్దిసేపు ఆగు. ఈ పని కానివ్వు.

బంట్రోతు పేరు పిలిచాడు. లేచింది. తెల్లచీర కాళ్లకు తగిలి గరగరమంది. లోపల చీకటిగా, చల్లగా ఉంది, బల్ల మీద ఒక గాజు గిన్నెలో సోంపు ఉంది. తహసీల్దారు ముసలాయన, జలుబుతో ఉన్నాడు, ఆమె వైపు తిన్నగా చూడకుండా జాలిగా చూశాడు. పేతురు గోడ దగ్గర నిలబడి ఉన్నాడు, చెమటతో. అతని కళ్లు ఆమె మీదే ఉన్నాయి. ఆ కళ్లు బెదిరించడం లేదు, బతిమాలుతున్నాయి: అక్కా, పాడు చెయ్యకు. దేవుని సాక్షిగ నిజం చెప్తవా అని అడిగాడు పేష్కారు. చెప్తా అంది. సాబు అడుగుతున్నరు, నీ భర్త చనిపోయిండని నువ్వు నమ్ముతున్నవా?

నమ్ముతున్నవా. చూశావా అని అడగలేదు, తెలుసా అని కూడా అడగలేదు. ఎంత సన్నని తలుపు తెరిచాడు ముసలాయన. తెల్వది సాబ్ అనవచ్చు. ఆ ఒక్క మాట నిజం, దానికి సాక్షి కూడా అక్కరలేదు. తెల్వది అంటే ఆయన వెదురు పొద దగ్గర లేచి కూర్చుంటాడు, కొలువు పోతుంది, ఎస్తేరు నాయన రావాలె అంటూనే కూలికి పోతుంది, బీరమ్మతో పాటు. ఆయన మొహం గుర్తు చేసుకోవాలని చూసింది, అది చూసి జవాబు చెబుదామని. మొహం రాలేదు. రొట్టె తిని చెయ్యి కడుక్కుంటున్న వీపు వచ్చింది.

"చనిపోయిండు," అంది.

నమ్ముతున్నానని అంటే సరిపోయేది. అంతకంటే ఎక్కువే ఇచ్చింది. పేతురు శ్వాస వదలడం వినిపించింది. తహసీల్దారు సంతకం చేశాడు, ముద్ర పడింది. పేష్కారు చెప్పాడు, సాబు అంటున్నరు, నువ్వు మళ్ళ ఈ రాజ్యపు మనిషివి అయినవు. పిల్ల మాత్రం కాదు, పిల్లకు తండ్రి రాజ్యమే. ఇంకొక మాట. ఆయన తిరిగొస్తే ఈ కాగితం చెల్లది, నువ్వే కచేరికి వచ్చి చెప్పాలె. సమజైందా? సమజైంది సాబ్, అంది. బతికొస్తే చెబుతాను. సొంత మొగుడు వచ్చాడని ఫిర్యాదు చేస్తాను.

బయట ఎండ కళ్లలో కొట్టింది. బాలప్ప ఆమెను పట్టుకుని, విడిచి, మళ్ళీ పట్టుకుని, పక్కా కొలువు బిడ్డా, ఇగ నీకు ఫికర్ లేదు అంటూ చాయ్ తాగుదామన్నాడు. పేతురు వెనకగా వచ్చి నిలబడ్డాడు. అతని మొహం చాలా రోజులకు నిద్రపోయి లేచిన మొహంలా ఉంది.

"అక్కా, పిల్లకు నేను చెప్తా," అన్నాడు. "నువ్వు చెప్పకు, నీకు తెల్వదు గద అక్కడ ఎట్ల అయిందో. నేను మంచిగ చెప్తా."

ఇతను చెబుతాడు, ఎస్తేరు రాళ్లనూ పాటనూ మనసులో దాచుకుంటుంది, పెద్దదై తన పిల్లలకు చెబుతుంది. అప్పుడే పట్నం నుంచి వచ్చి ఇక్కడే తిరిగిపోయే బస్సు, బొగ్గు పొగ కక్కుతూ, మూలుగుతూ వచ్చి ఆగింది. జనం దిగుతున్నారు. పసుపు మూటలవాళ్లు, కోళ్ల బుట్టతో ఒక ముసలామె, ఇద్దరు పోలీసులు. ఆఖరున ఒక మనిషి, పొడుగాటివాడు, బక్కగా, లోపలి నుంచి పెట్టె లాగుతూ వెనక్కి వెనక్కి దిగుతున్నాడు. మెడ వెనక జుట్టు నెరిసింది. ఎడమ భుజం కాస్త కిందికి. చొక్కా చేతులు పొట్టివి. ఆయన వచ్చాడు అని కాదు ఆమెకు తోచింది. ఇప్పుడే ఎందుకొచ్చాడు, అని తోచింది. కచేరి తలుపు ఇంకా తెరిచే ఉంది, పేతురు పక్కనే ఉన్నాడు, చీర తెల్లగా ఉంది.

ఆ మనిషి పెట్టె దించి ఇటు తిరిగాడు. మశూచి మచ్చల మొహం. ఎవరో.

ఏడాదికి పైగా, దవాఖానకు పోతూ వస్తూ, ఎక్కడ బస్సు ఆగినా ఆమె ఇట్లాగే ఆగేది, దిగేవాళ్లందరినీ చూసేది, ఆయన కాదని తెలిసిన ప్రతిసారీ లోపల ఒక మెట్టు దిగినట్టు గుండె జారేది. ఈసారి జారలేదు. బిగబట్టిన ఊపిరి తనంతట తాను బయటికి వచ్చింది, చల్లగా, హాయిగా. హమ్మయ్య అంది మనసు. బస్సు చప్పుడులో బాలప్పకు వినపడలేదు, పేతురుకు వినపడలేదు. ఆమెకు వినపడింది.